పవరు సరిగ్గానే ఉన్నా కళ్ళజోడు కుదరకపోతే

కంటి పరీక్ష తరువాత చీటీ మీద రాసే అంకెలు ఒక ఎత్తు, ఆ అంకెలతో తయారైన అద్దాలు ముఖం మీద ఎక్కడ, ఎంత వాలులో కూర్చున్నాయన్నది మరొక ఎత్తు. ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఈ రెండో సంగతి చుట్టూనే తిరుగుతున్నందున, వాటినే ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నాకు రెండు కళ్ళకూ మైనస్ 6 పవరు, కుడికంటికి అదనంగా మైనస్ 2 సిలిండరు ఉన్నాయి. మూడు వారాల క్రితం కొంచెం పెద్ద ఫ్రేముతో కొత్త కళ్ళజోడు చేయించుకున్నాను. పెట్టుకున్న అరగంటకే కనుబొమల మధ్య నొప్పి మొదలవుతోంది, నేల ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తోంది. మళ్ళీ పరీక్ష చేయిస్తే పవరులో మార్పేమీ లేదన్నారు. షాపులో మాత్రం అలవాటవుతుందని చెబుతున్నారు. ఇంకా ఎంతకాలం ఓపిక పట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మూడు వారాలు గడిచాయి కనుక ఇక ఓపిక పట్టనవసరం లేదు. మొదటిసారి సిలిండరు (ఒక దిశలో మాత్రమే పనిచేసే పవరు) పెట్టుకున్నవారికి, పవరు ఒకేసారి బాగా మారినవారికి, ప్రోగ్రెసివ్ అద్దాలకు (దూరానికీ, చదవటానికీ ఒకే అద్దంలో పవరు ఉండేవాటికి) కొత్తవారికి వారం పది రోజులు, మహా అయితే రెండు వారాలు ఇబ్బందిగా ఉండటం సహజమే. మీ విషయంలో పవరు మారలేదు, మారింది ఫ్రేము. అందుచేత అనుమానించవలసింది మీ కళ్ళను కాదు, అద్దాలను ఫ్రేములో బిగించిన తీరును.

ముందుగా ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. కళ్ళజోడు పెట్టుకుని దూరంగా ఉన్న అక్షరాలను మొదట ఎడమకన్ను మూసి, తరువాత కుడికన్ను మూసి చూడండి. ఏదైనా ఒక కంటితో విడిగా చూసినప్పుడే అక్షరాలు మసకగా ఉంటే ఆ కంటి అద్దంలో పవరో, సిలిండరు కోణమో తప్పి ఉండవచ్చు. ఏ కంటికి ఆ కన్ను విడిగా స్పష్టంగా చూస్తూ, రెండూ తెరిచినప్పుడు మాత్రమే నొప్పి, లాగినట్టుండటం కలుగుతుంటే అద్దాల కేంద్రాలు మీ కనుపాపల ఎదుటికి రాలేదని ఎక్కువగా అనుమానించాలి.

పవరున్న ప్రతి అద్దంలోనూ కాంతి కిరణం పక్కకు వంగకుండా నేరుగా సాగే చోటు ఒకటి ఉంటుంది. అదే ఆ అద్దపు కేంద్రం. దానికి దూరంగా ఏ చోటి నుంచి చూసినా అద్దం కొంతమేర ప్రిజంలా పనిచేసి, వస్తువు ఉన్న స్థానాన్ని పక్కకు జరిపి చూపిస్తుంది. ఎంత జరుపుతుందన్నది ప్రెంటిస్ సూత్రం చెబుతుంది: కేంద్రం నుంచి ఎన్ని సెంటీమీటర్లు తప్పామో దానిని పవరుతో గుణిస్తే, వచ్చేది ప్రిజం డయాప్టర్ల లెక్క, అంటే ఆ జరుపుడుకు కొలత. ఉదాహరణకు మీ కనుపాపల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు అనుకుందాం. షాపుల్లో దీనినే పీడీ అంటారు. మీ కొత్త ఫ్రేము కాడ లోపలివైపు చూస్తే 54, 18, 140 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీద రెండు అద్దాల మధ్య ఎడం, మూడోది కాడ పొడవు. మొదటి రెండూ కలిపితే 72. అంటే అద్దాన్ని ఫ్రేము గుంటలో సరిగ్గా మధ్యకు బిగిస్తే రెండు కేంద్రాల మధ్య దూరం 72 అవుతుంది, మీకు కావలసినది 60. ఒక్కో అద్దాన్ని ముక్కువైపు 6 మిల్లీమీటర్లు జరిపి కోయాలి. ఆ జరపటంలో సగమే జరిగిందనుకుంటే ఒక్కో కంటికి 3 మిల్లీమీటర్ల తేడా మిగిలి, మైనస్ 6 పవరుకు అది 1.8 ప్రిజం డయాప్టర్లు, రెండు కళ్ళకూ కలిపి 3.6 అవుతుంది. మైనస్ అద్దాల కేంద్రాలు ఇలా బయటకు పోయినప్పుడు, వస్తువు రెండుగా కనిపించకుండా ఉండాలంటే కళ్ళు బయటివైపుకు విడిపోవాలి. దగ్గరి వస్తువుల కోసం లోపలికి తిరగటం కళ్ళకు నిత్యం ఉన్న పనే గానీ, దూరపు చూపులో బయటికి విడిపోగల శక్తి వాటికి చాలా తక్కువ. కనుబొమల మధ్య మీకు కలిగే నొప్పికి ఈ శ్రమ కారణం కావచ్చు. పెద్ద ఫ్రేములంటే నాకున్న విముఖతకు మూలం ఇదే. ముఖానికి అందంగా ఉంటే ఉండవచ్చు, కానీ ఎక్కువ పవరున్నవారికి ఫ్రేము ఎంత వెడల్పైతే అద్దాన్ని అంత ఎక్కువగా జరపాలి, అంచు కూడా అంత మందంగా మిగులుతుంది.

పక్కలకు వచ్చే తేడా కన్నా పైకీ కిందికీ వచ్చే తేడాను కళ్ళు ఇంకా తక్కువగా భరిస్తాయి. ఒక చెవి రెండో చెవి కన్నా కొంచెం ఎత్తుగా ఉండటం చాలామందిలో మామూలే. అటువంటివారికి కాడలను వంచి సరిచేయకుండా కళ్ళజోడు ఇస్తే ఫ్రేము ఒక పక్కకు వాలి, ఒక అద్దపు కేంద్రం రెండోదానికన్నా 2 మిల్లీమీటర్లు కిందికి దిగిందనుకోండి, మీ పవరుకు అది 1.2 ప్రిజం డయాప్టర్ల నిలువు తేడా. తలనొప్పికి, అక్షరాలకు నీడలు ఉన్నట్టు కనిపించటానికి అంతమాత్రం చాలు.

నేల ఒరిగినట్టు కనిపించటానికి మరొక కారణం కుడికంటి సిలిండరు కావచ్చు. గోళాకార పవరును (మీ మైనస్ 6 వంటిదానిని) ఎటు తిప్పినా ఒకటే, సిలిండరు పవరు అలా కాదు, డిగ్రీలలో రాసిన కోణంలోనే అది నిలవాలి. ఆ కోణం 5 డిగ్రీలు తప్పితే సిలిండరులో సుమారు 17 శాతానికి సమానమైన దోషం మిగిలిపోతుంది, 10 డిగ్రీలు తప్పితే 35 శాతం, 30 డిగ్రీలు తప్పితే పూర్తి సిలిండరుకు సమానమైన దోషం మరో దిశలో ఏర్పడుతుంది. పవరును కొలిచేది డయాప్టర్లలో కనుక, మీ 2 డయాప్టర్ల సిలిండరులో 10 డిగ్రీల పొరపాటు అంటే 0.7 డయాప్టరు. పైగా, అద్దాన్ని సరైన కోణంలోనే బిగించినా ఫ్రేము ముఖం మీద ఒరిగి కూర్చుంటే కోణం ఒరిగినంత మేరా తప్పినట్టే.

ఇక చేయవలసినది చెబుతాను. పాత కళ్ళజోడు, కొత్త కళ్ళజోడు రెండూ తీసుకుని షాపుకు వెళ్ళి, లెన్సోమీటరు (అద్దాల పవరును కొలిచే యంత్రం) మీద రెండింటి పవరునూ, కోణాన్నీ పోల్చి చూడమని అడగండి. అదే యంత్రంతో కొత్త అద్దాల కేంద్రాలకు సిరా చుక్కలు పెట్టించుకుని, ఆ కళ్ళజోడు పెట్టుకుని ఎదుటి మనిషి కళ్ళలోకి నిటారుగా చూడండి. చుక్కలు రెండూ కనుపాపలకు నేరుగా, సమానమైన ఎత్తులో ఉన్నాయో లేదో ఎదుటివారికి తెలిసిపోతుంది. రెండు చుక్కలూ ఒకే మేర కనుపాపకు కొద్దిగా దిగువన ఉంటే దానిని తప్పుపట్టనవసరం లేదు. ఫ్రేము కింది అంచు చెంపవైపు వాలే ప్రతి 2 డిగ్రీలకూ కేంద్రాన్ని ఒక మిల్లీమీటరు దించటం కళ్ళజోళ్ళ తయారీలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. చుక్కలు పక్కకు పోయినా, ఎత్తులో తేడా ఉన్నా ఆ అద్దాలు మళ్ళీ చేసి ఇవ్వవలసినవే, అలవాటు చేసుకోవలసినవి కావు. అన్నీ సరిగ్గా ఉండి ఫ్రేము మాత్రమే ఒరిగి ఉంటే, కాడలను, ముక్కు ప్యాడ్లను సర్దటంతోనే సమస్య తీరిపోతుంది.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్ళు. ప్లస్ 5 పవరుతో కళ్ళజోడు ఇచ్చారు. అది లేనప్పుడు ఒక కన్ను లోపలికి తిరుగుతుంది. ఎదిగే పిల్లవాడు కదా అని కొంచెం పెద్ద సైజు తీసుకున్నాము. ఎప్పుడు చూసినా అది ముక్కు కొసకు జారిపోయి ఉంటుంది, వాడు పైనుంచి చూస్తుంటాడు. మందలించినా మానటం లేదు. ఏం చేయాలి?
– ఒక తండ్రి

జవాబు: బాబును మందలించకండి, తప్పు వాడిది కాదు. ఎదుగుతాడని చెప్పులు, చొక్కాలు ఒక సైజు పెద్దవి కొనవచ్చు గానీ కళ్ళజోడును అలా కొనకూడదు. జారిన కళ్ళజోడు పైనుంచి చూసే పిల్లవాడు నిజానికి కళ్ళజోడు పెట్టుకోనట్టే లెక్క. బాబుకు ఉన్న దూరదృష్టి (ప్లస్ పవరు అవసరమయ్యే లోపం) వల్ల స్పష్టంగా చూడటానికి కన్ను లోపలి లెన్సును బాగా బిగించవలసి వస్తుంది, ఆ బిగింపుతో పాటే కళ్ళు లోపలికి తిరుగుతాయి. ప్లస్ అద్దం ఆ శ్రమను తాను తీసుకోవటం వల్లనే మెల్ల తగ్గుతుంది. అద్దం కంటికి ఎదురుగా లేకపోతే ఆ మేలు అందదు. ఈ వయసులో అలా నిర్లక్ష్యానికి గురైన కన్ను మందగించి, మెదడు దానిని వాడటం మానివేసే ప్రమాదం కూడా ఉంది. పెద్దవారికి సరికాని కళ్ళజోడు వల్ల కలిగేది ఇబ్బంది మాత్రమే, అది తీసేస్తే పోతుంది. పిల్లలలో చూపు ఇంకా రూపుదిద్దుకునే దశలోనే ఉంటుంది కనుక వారికి ఆ మాట వర్తించదు.

పిల్లల ముక్కు వంతెన ఎత్తు తక్కువగా, వెడల్పుగా ఉంటుంది. పెద్దల ఫ్రేములను చిన్నవిగా చేసి అమ్మేవి ఆ ముక్కు మీద నిలవవు. ముక్కు భాగం చర్మానికి ఖాళీ లేకుండా ఆనుతూ, బరువును రెండు పక్కలకూ సమంగా మోసేదిగా, కాడలు చెవి వెనుక సరిగ్గా వంగేవిగా ఉండాలి. చెవి చుట్టూ తిరిగే మెత్తని కాడలు గానీ, తల వెనుక పట్టీ గానీ వాడవచ్చు. పిల్లలకు పాలికార్బొనేట్ అద్దాలు మంచివి, ఆటలలో దెబ్బ తగిలినా సులభంగా పగలవు. ప్రతి పరీక్షలోనూ పవరుతో పాటు పీడీని కూడా మళ్ళీ కొలిపించండి, ముఖం పెరిగేకొద్దీ అది మారుతుంది. పవరు మారకపోయినా పీడీ మారినందుకే అద్దాలు మార్చవలసి రావచ్చు. పరీక్ష విషయంలో ఒక్కమాట. దూరదృష్టి ఉన్న పిల్లలకు చుక్కల మందు వేసి, కంటి బిగింపును తాత్కాలికంగా సడలించిన తరువాత కొలిచిన పవరే నమ్మదగినది. మీ బాబుకు అలా కొలవకపోయి ఉంటే కంటి డాక్టరుగారిని అడగండి.

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. చత్వారం వచ్చాక తొలిసారి ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకున్నాను. పుస్తకం చదవాలంటే గడ్డం బాగా పైకెత్తవలసి వస్తోంది, మెడ పట్టేస్తోంది. పక్కలకు చూస్తే అంతా ఊగినట్టుంది. ఈ అద్దాలు నాకు పడవా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకటి అద్దాన్ని అమర్చటంలోని లోపం, రెండోది ఆ రకం అద్దానికే ఉన్న గుణం.

మొదటిది చూద్దాం. ప్రోగ్రెసివ్ అద్దంలో దూరపు పవరు పైన, చదివే పవరు అడుగున ఉండి, మధ్యలో ఒక సన్నని దారి గుండా పవరు క్రమంగా పెరుగుతుంది. ఆ దారి మొదలయ్యే చోటికి పైన ఉండే గుర్తు, మీరు సహజంగా నిలబడి నిటారుగా చూసినప్పుడు సరిగ్గా కనుపాప మధ్యకు రావాలి. అది దిగువకు పోతే చదివే భాగం మరీ కిందికి దిగిపోయి, గడ్డం ఎత్తితే తప్ప కంటికి అందదు. ఎగువకు పోతే, అందుకు విరుద్ధంగా, దూరపు చూపు మసకబారి తల దించవలసి వస్తుంది. మీది మొదటి కోవ. ఇక్కడ 2, 3 మిల్లీమీటర్ల తేడా కూడా తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ దారి మొత్తం పొడవే ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు. ఫ్రేమును ముందు మీ ముఖానికి పూర్తిగా సర్ది, ముక్కు ప్యాడ్లు, కాడలు కుదిరాక మాత్రమే ఈ ఎత్తు కొలవాలి. కూర్చోబెట్టి, ఫ్రేము ఎలా ఉంటే అలాగే కొలిచేస్తే ఆ కొలత తరువాత నిలవదు. పీడీని కూడా రెండు కళ్ళకూ కలిపి ఒకే అంకెగా కాక, ముక్కు మధ్య నుంచి ఒక్కో కంటికీ విడిగా కొలవాలి. ముక్కు సరిగ్గా ముఖం మధ్యలో ఉన్నవారు తక్కువే, కుడివైపు 31, ఎడమవైపు 33 ఉండటం వింతేమీ కాదు. సన్నని దారిలో నుంచి చూడవలసిన అద్దంలో ఈ 2 మిల్లీమీటర్లను పట్టించుకోక తప్పదు.

అమర్చటంలో పొరపాటు జరిగిందో లేదో తేల్చుకోవటం కష్టం కాదు. ప్రతి ప్రోగ్రెసివ్ అద్దం మీదా వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే కనిపించే సన్నని చెక్కుడు గుర్తులు రెండు, 34 మిల్లీమీటర్ల ఎడంతో ఉంటాయి. వాటి ఆధారంగా షాపువారు కేంద్రాలను తిరిగి గీసి, మీ ముఖం మీద సరిపోయాయో లేదో చూపించగలరు. తేడా కొద్దిగా ఉంటే ముక్కు ప్యాడ్లను దగ్గరగా నొక్కి ఫ్రేమును పైకి లేపవచ్చు. ఎక్కువగా ఉంటే అద్దాలు మళ్ళీ చేయించుకోవటమే మార్గం. ఎత్తు తక్కువగా ఉండే ఇరుకు ఫ్రేములు ఈ అద్దాలకు పనికిరావు, చదివే భాగం కోతలోనే పోతుంది.

ఇక పక్కల ఊగిసలాట. 1959లో ఫ్రెంచి ఇంజనీరు బెర్నార్ మెత్నాజ్ రూపొందించిన వారిలక్స్ అనే ప్రోగ్రెసివ్ అద్దం మొదలుకొని ఇప్పటి వరకూ ఈ తరహా అద్దాలలో పక్కల మసక తగ్గిందే గానీ పూర్తిగా పోలేదు. గీత లేకుండా పవరును పెంచాలంటే పక్కలలో వక్రత తప్పదు. మీకు ఇవి కొత్త కనుక రెండు వారాల పాటు పొద్దున లేచింది మొదలు వీటినే వాడి, పక్కలకు చూడవలసినప్పుడు కళ్ళను కాక తలను తిప్పండి. మెట్లు దిగేటప్పుడు తల వంచి పై భాగం గుండా మెట్టును చూడండి. పాత కళ్ళజోడును, దీనిని మార్చి మార్చి వాడితే కళ్ళు దేనికీ అలవాటు పడవు.

ప్రశ్న: ఇంట్లో కూర్చుని స్కేలుతో పీడీ కొలుచుకుని ఆన్‌లైన్‌లో కళ్ళజోడు తెప్పించుకోవచ్చా? రెడీమేడ్‌గా దొరికే చదువుకునే కళ్ళజోళ్ళు వాడితే చూపు పాడవుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: ఇది మీ పవరు మీద ఆధారపడి ఉంటుంది. స్కేలుతో జాగ్రత్తగా కొలిచినా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావటం సహజం. పవరు ఒక డయాప్టరు ఉన్నవారికి మిల్లీమీటరు తేడా అంటే పదో వంతు ప్రిజం, అది ఎవరికీ తెలియదు. మైనస్ 8 ఉన్నవారికి అదే మిల్లీమీటరు 0.8 ప్రిజం అవుతుంది. కనుక చిన్న పవరు, సింగిల్ విజన్ (అద్దమంతా ఒకే పవరుండే) అద్దాలైతే తెప్పించుకోండి. 4 డయాప్టర్లు దాటినవారు, ప్రోగ్రెసివ్ కావలసినవారు, రెండు కళ్ళకూ పవరులో ఎక్కువ తేడా ఉన్నవారు ఎదురుగా కొలిపించుకోవటమే మంచిది. కంప్యూటరు పరీక్ష కాగితం మీద చాలాసార్లు పీడీ కూడా అచ్చవుతుంది, దానిని అడిగి తీసుకోండి.

పెద్ద పవరున్నవారికి మరొక కొలత కూడా ముఖ్యం, అది అద్దానికీ కంటికీ మధ్య దూరం. సాధారణంగా 12 నుంచి 14 మిల్లీమీటర్లు ఉంటుంది. మైనస్ 10 అద్దం అంతకన్నా 5 మిల్లీమీటర్లు ముందుకు జారితే కంటికి అందేది మైనస్ 9.5 మాత్రమే. చూపు తగ్గిందని పవరు పెంచుకోవటానికి వచ్చేవారిలో కొందరికి కావలసింది కొత్త అద్దాలు కాదు, కాడలను బిగించటమే.

రెడీమేడ్ కళ్ళజోడు పెద్దవారి చూపును పాడుచేయదు. రెండు కళ్ళకూ ఒకే పవరు, సిలిండరు లేదు, సగటు పీడీకి సరిపోయే ముఖమైతే కాసేపు పత్రిక చదువుకోవటానికి పనికొస్తుంది. గంటల తరబడి వాడితే ఇబ్బంది పెడుతుంది. అసలు దోషం మరొకచోట ఉంది. దానితో సరిపెట్టుకున్నవారు కంటి పరీక్షకే వెళ్ళరు, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) వంటివి నిశ్శబ్దంగా ముదిరిపోతాయి.

ప్రశ్న: నాకు మధుమేహం ఉంది. ఈ మధ్యే మందులు మొదలుపెట్టాను. నెల వ్యవధిలో రెండుచోట్ల పరీక్ష చేయించుకుంటే రెండు వేర్వేరు పవర్లు రాశారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు

జవాబు: రెండూ ఆయా రోజులకు నిజమే కావచ్చు. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు, మందులతో వేగంగా తగ్గినప్పుడు కూడా కంటి లోపలి లెన్సులో నీటి పరిమాణం, దానితో పాటు పవరు మారుతాయి. చక్కెర పెరిగినప్పుడు తరచుగా మైనస్ వైపు, చికిత్స మొదలైన తరువాత ప్లస్ వైపు చూపు జరుగుతుంది. ఇది కుదురుకోవటానికి కొన్ని వారాలు పడుతుంది. మీ చక్కెర అదుపులోకి వచ్చి నిలకడగా ఉన్నదని మీ డాక్టరుగారు చెప్పేదాకా కొత్త కళ్ళజోడు చేయించుకోకండి, అప్పటిదాకా పాతదానితోనో, తాత్కాలికమైన దానితోనో గడపండి. ఆ తరువాత ఒకే చోట, కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు కొలిపించుకుని రెండూ కలిస్తేనే అద్దాలకు ఇవ్వండి. శుక్లాల ఆపరేషన్ అయినవారికి కూడా కన్ను మానేదాకా ఇదే వర్తిస్తుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు పరీక్షకు ముందు ఎన్ని రోజులు వాటిని తీసివేయాలో అడిగి మరీ వెళ్ళాలి, గట్టి లెన్సులైతే ఆ వ్యవధి ఎక్కువ ఉంటుంది.

కళ్ళజోడు సంగతి వాయిదా వేసినా కంటి వెనుక పొర పరీక్షను మాత్రం వాయిదా వేయకండి. మధుమేహం ఉన్నట్టు తెలిసిన వెంటనే ఒకసారి, ఆ తరువాత డాక్టరుగారు వేరే విధంగా చెప్పకపోతే ఏటా ఒకసారి అది జరగాలి. అక్షరాలన్నీ స్పష్టంగా చదవగలుగుతున్నా సరే.